కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ (జూన్ 6, 1850 - ఏప్రిల్ 20, 1918) సుప్రసిద్ధ జర్మన్ భౌతిక శాస్త్రవేత్త. కంటికి కనిపించని విద్యుత్ సంకేతాలను తెరపై వెలుగు గీతలుగా చూపించే కేథోడ్ కిరణ నాళాన్ని 1897లో రూపొందించాడు. ఈ సాధనం ఇతని పేరు మీదుగా బ్రౌన్ నాళంగా ప్రసిద్ధి చెందింది. నిస్తంత్రి టెలిగ్రాఫు అభివృద్ధికి చేసిన కృషికి గాను 1909 సంవత్సరపు భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతిని మార్కోనీతో కలిసి అందుకున్నాడు. ఆసిలోస్కోపు, రాడారు తెర, టెలివిజన్ తెర మొదలైన వాటికి బ్రౌన్ నాళమే మూలం. విద్యుత్ సంకేతాలనే కుంచెగా చేసుకొని చిత్రాలు సృష్టించే జెనరేటివ్ ఆర్ట్ అనే ఆధునిక కళా ప్రక్రియకు కూడా తొలి చిత్రఫలకాలలో ఈ నాళం ఒకటి.

బాల్యం, విద్యాభ్యాసం

బ్రౌన్ జర్మనీ మధ్య భాగంలోని ఫుల్డా పట్టణంలో జన్మించాడు. అప్పట్లో ఆ పట్టణం హెస్సె-కాసెల్ సంస్థానంలో ఉండేది. తండ్రి యోహాన్ కొన్రాడ్ బ్రౌన్ న్యాయస్థానంలో ఉద్యోగి. ఫుల్డాలోని జిమ్నాజియం పాఠశాలలో చదువు ముగించిన తరువాత బ్రౌన్ 1868లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ గణితం, ప్రకృతి శాస్త్రాలు అభ్యసించి, పిదప బెర్లిన్ వెళ్ళాడు. సాగదీసిన తీగల కంపనాలపై పరిశోధన చేసి 1872లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పట్టా పొందాడు. కంపనాల అధ్యయనంతో మొదలైన ఇతని శాస్త్ర జీవితం చివరి వరకు కంపనాల చుట్టూనే సాగింది. మొదట తీగల కంపనాలు, తరువాత విద్యుత్ డోలనాలు, ఆపైన రేడియో తరంగాలు ఇతని పరిశోధనా విషయాలయ్యాయి.

ఉపాధ్యాయ వృత్తి, స్ఫటికాలపై పరిశోధన

డాక్టరేట్ పొందిన తరువాత బ్రౌన్ కొంతకాలం వూర్జ్‌బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య క్వింకె వద్ద సహాయకుడిగా పనిచేశాడు. 1874లో లైప్జిగ్ నగరంలోని సెయింట్ థామస్ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరాడు. పాఠశాలలో పనిచేస్తున్న ఆ రోజుల్లోనే పిల్లలకు గణితం, ప్రకృతి శాస్త్రాలను పరిచయం చేసే ఒక పుస్తకాన్ని కూడా రచించాడు.

బోధన తరువాత మిగిలిన సమయంలో ఇతడు సీసపు గంధకిదం వంటి లోహ సల్ఫైడు స్ఫటికాల గుండా విద్యుత్ ప్రవాహాన్ని పంపి పరీక్షించేవాడు. సన్నని తీగ మొనను స్ఫటికానికి తాకించినప్పుడు విద్యుత్తు ఒక దిశలో సులభంగాను, వ్యతిరేక దిశలో కష్టంగాను ప్రవహిస్తున్నట్లు 1874లో గమనించాడు. ఓమ్ నియమానికి లోబడని ఈ ప్రవర్తనను ఆనాటి శాస్త్రవేత్తలు అంతగా పట్టించుకోలేదు. దానివలన ప్రయోజనం ఏమిటో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు. ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే ఈ ధర్మాన్ని ఏకధిక్కరణం అంటారు. దాదాపు మూడు దశాబ్దాల తరువాత నిస్తంత్రి సంకేతాలను పట్టుకోవడానికి ఇదే ఆధారమైంది. ఒకప్పుడు ఇళ్ళలో వాడిన, బ్యాటరీ అక్కర లేని స్ఫటిక రేడియో ఈ సూత్రం మీదనే పనిచేసేది. అర్ధవాహక సాధనాల చరిత్రను ఈ ప్రయోగంతో మొదలుపెట్టడం పరిపాటి.

ఆచార్య పదవులు

బ్రౌన్ 1877లో మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతిక శాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1880లో స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయానికి, 1883లో కార్ల్‌స్రూహె సాంకేతిక విద్యాలయానికి మారాడు. 1885లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడ కొత్త భౌతిక శాస్త్ర సంస్థ నిర్మాణాన్ని పర్యవేక్షించాడు. అదే సంవత్సరం అమేలీ బ్యూలర్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు కుమారులు, ఇద్దరు కుమార్తెలు. 1895లో స్ట్రాస్‌బుర్గ్‌కు తిరిగివచ్చి అక్కడి భౌతిక శాస్త్ర సంస్థకు అధిపతి అయ్యాడు. ప్రస్తుతం ఫ్రాన్స్‌లో ఉన్న ఈ నగరం 1871 నుండి 1918 వరకు జర్మనీలో ఉండేది. బ్రౌన్ పేరును చిరస్థాయిగా నిలిపిన పరిశోధనలలో అనేకం ఇక్కడే జరిగాయి.

రసాయన సమతాస్థితికి సంబంధించిన లె షాట్లియర్ సూత్రాన్ని ఇతడు విడిగా ప్రతిపాదించడం వలన కొన్ని గ్రంథాలలో దానిని లె షాట్లియర్-బ్రౌన్ సూత్రం అని పేర్కొంటారు.

బ్రౌన్ నాళం

నేపథ్యం

19వ శతాబ్దం చివరి దశకంలో ఐరోపా నగరాలలో విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. ఏకాంతర విద్యుత్తు సెకనుకు అనేక పర్యాయాలు తన దిశను మార్చుకుంటుంది. ఈ మార్పు ఏ తీరున జరుగుతున్నదో కళ్ళారా చూసే సులభమైన సాధనం ఇంజనీర్ల వద్ద లేదు. ముల్లు ఉండే మీటర్లు సగటు విలువను మాత్రమే చూపేవి. ముల్లుకు బరువు ఉంటుంది కాబట్టి అది వేగంగా మారే ప్రవాహాన్ని అనుసరించలేదు. చిన్న అద్దాలను కదిలించే యంత్రాలను కొందరు తయారుచేసినా వాటికీ ఈ జడత్వపు పరిమితి తప్పలేదు.

బరువు లేనంత తేలికైన ముల్లు కావాలి. దానికోసం బ్రౌన్ కేథోడ్ కిరణాలను ఎన్నుకున్నాడు. గాలిని చాలావరకు తొలగించిన గాజు నాళంలో అధిక విద్యుత్ పీడనాన్ని ప్రయోగిస్తే ఋణధ్రువం నుండి ఈ కిరణాలు వెలువడతాయి. ఇవి అయస్కాంతం దగ్గర వంగుతాయని అప్పటికే తెలుసు. అయితే అవి ఎలక్ట్రాన్ల ప్రవాహమని ఇంకా నిర్ధారణ కాలేదు. జె.జె.థామ్సన్ ఆ విషయాన్ని ప్రకటించింది 1897 ఏప్రిల్‌లో. బ్రౌన్ తన నాళాన్ని వివరిస్తూ వ్రాసిన పత్రం తేదీ ఫిబ్రవరి 15, 1897. అంటే కిరణాల స్వభావం పూర్తిగా తెలియకముందే వాటిని పనిలో పెట్టిన ఘనత ఇతనిది.

నిర్మాణం, పనిచేసే విధానం

బ్రౌన్ నాళం పొడవైన మెడ, వెడల్పైన తల గల గాజు పాత్ర. మెడ చివర ఋణధ్రువం ఉంటుంది. దారిలో సన్నని రంధ్రం గల పలక ఉంటుంది. ఆ రంధ్రం గుండా వెళ్ళిన కిరణాలు సన్నని పుంజంగా మారి, వెడల్పైన భాగంలో అమర్చిన అభ్రకపు తెరను తాకుతాయి. తెరకు ప్రతిదీప్తి పదార్థం పూసి ఉండడం వలన పుంజం తాకిన చోట వెలుగు చుక్క కనిపిస్తుంది. మెడ పక్కన ఉంచిన తీగచుట్టలోకి పరీక్షించవలసిన విద్యుత్తును పంపుతారు. తీగచుట్టలో పుట్టిన అయస్కాంత క్షేత్రం పుంజాన్ని వంచుతుంది. ప్రవాహం పెరిగితే చుక్క ఎక్కువ జరుగుతుంది, తగ్గితే తక్కువ జరుగుతుంది. దిశ మారితే ఎదురు వైపుకు కదులుతుంది.

ఇలా పైకీ కిందికీ కదిలే చుక్క కంటికి నిలువు గీతగా మాత్రమే కనిపిస్తుంది. దానిని బ్రౌన్ తిరిగే అద్దంలో చూశాడు. అద్దం తిరుగుతున్నకొద్దీ గీత పక్కకు విస్తరించి తరంగంలా కనిపించింది. స్ట్రాస్‌బుర్గ్ విద్యుత్ కేంద్రం సరఫరా చేసే ఏకాంతర విద్యుత్తు రూపాన్ని ఇతడు ఈ విధంగా పరిశీలించాడు. 1899లో ఇతని సహాయకుడు యోనథన్ ట్సెన్నెక్ చుక్కను పక్కకు నడిపే మరొక తీగచుట్టను చేర్చడంతో అద్దం అవసరం తీరిపోయింది. తరంగ రూపం నేరుగా తెరపైనే కనబడసాగింది.

ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు తీగచుట్టలకు రెండు వేర్వేరు సంకేతాలను ఇస్తే తెరపై వృత్తాలు, దీర్ఘవృత్తాలు, ఎనిమిది అంకె వంటి ముడులు ఏర్పడతాయి. వీటిని లిస్సాజౌ పటాలు అంటారు. రెండు సంకేతాల పౌనఃపున్యాల నిష్పత్తి, వాటి దశల భేదం ఎంతో పటం ఆకారాన్ని బట్టి చెప్పవచ్చు. డిగ్రీ కళాశాలల భౌతిక శాస్త్ర ప్రయోగశాలలలో విద్యార్థులు సి.ఆర్.ఓ. పై చేసే ప్రయోగం ఇదే. ఇందులో చిత్రాన్ని గీసేది మనిషి చేయి కాదు. రెండు సంకేతాల మధ్య గల సంబంధమే చిత్రంగా మారుతుంది.

పేటెంటు లేని ఆవిష్కరణ

ఈ నాళానికి బ్రౌన్ పేటెంటు తీసుకోలేదు. దాని నిర్మాణాన్నీ వాడే పద్ధతినీ శాస్త్ర పత్రికలో వివరంగా ప్రచురించి అందరికీ అందుబాటులో ఉంచాడు. అందువలన ఎవరి అనుమతీ అవసరం లేకుండా అనేక దేశాల శాస్త్రజ్ఞులు దీనిని తయారుచేసుకొని మెరుగుపరచగలిగారు. ఇతని ఇతర ఆవిష్కరణల చరిత్రతో పోల్చి చూసినప్పుడు ఈ విషయం ప్రాముఖ్యత తెలుస్తుంది.

నిస్తంత్రి టెలిగ్రాఫు

బ్రౌన్ 1898లో నిస్తంత్రి ప్రయోగాలు ప్రారంభించాడు. మొదట నీటి గుండా మోర్స్ సంకేతాలను పంపి చూశాడు. తరువాత మార్కోనీ పద్ధతిని పరిశీలించి అందులోని లోపాన్ని గుర్తించాడు. మార్కోనీ తొలి ప్రేషకంలో విద్యుత్ మెరుపు పుట్టించే ఖాళీ నేరుగా ఏంటెన్నా వలయంలోనే ఉండేది. అందువలన డోలనాలు త్వరగా క్షీణించేవి. శక్తిని పెంచినా దూరం అంతగా పెరిగేది కాదు.

బ్రౌన్ మెరుపు ఖాళీని కండెన్సర్లతో కూడిన వేరొక సంవృత వలయంలోకి మార్చి, ఆ వలయాన్ని ప్రేరణ ద్వారా ఏంటెన్నాతో జతపరిచాడు. దీనివలన ఎక్కువ శక్తిని పంపడం, డోలనాలను ఎక్కువసేపు నిలపడం, ప్రేషకాన్నీ గ్రాహకాన్నీ ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేయడం సాధ్యమయ్యాయి. ఒకే ప్రాంతంలో అనేక ప్రసారాలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సాగడానికి ఈ శ్రుతి చేసే పద్ధతే ఆధారం. ఈ ఏర్పాటుకు బ్రౌన్ పేటెంటు పొందాడు.

కొలోన్ నగరపు చాక్లెట్ పారిశ్రామికవేత్త లుడ్విగ్ స్టోల్‌వెర్క్ మొదలైనవారు ఈ పనికి పెట్టుబడి సమకూర్చారు. 1899లో ఎల్బె నది సముద్రంలో కలిసే చోట ఉన్న కుక్స్‌హావెన్ వద్ద ప్రయోగాలు మొదలయ్యాయి. 1900 సెప్టెంబరులో అక్కడినుండి 62 కిలోమీటర్ల దూరంలోని హెలిగోలాండ్ ద్వీపానికి సంకేతాలు చేరాయి. 1903లో బ్రౌన్ వర్గపు సంస్థ, దాని జర్మన్ పోటీ సంస్థ కలిసిపోయి టెలిఫుంకెన్ అనే కంపెనీగా ఏర్పడ్డాయి.

1905లో బ్రౌన్ మూడు ఏంటెన్నాలను త్రిభుజాకారంలో నిలిపి మరో ముఖ్యమైన ప్రయోగం చేశాడు. ఒక ఏంటెన్నాలోని డోలనాలను మిగిలినవాటి కంటే కొంత ఆలస్యంగా నడిపితే తరంగాలు ఒక దిశలో బలపడి, వేరొక దిశలో ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. ఏంటెన్నాను కదల్చకుండానే ప్రసార దిశను మార్చే ఈ పద్ధతి తరువాతి కాలంలో దశానుక్రమ ఏంటెన్నా శ్రేణులకు, రాడార్లకు పునాది అయ్యింది.

నోబెల్ బహుమతి

నిస్తంత్రి టెలిగ్రాఫు అభివృద్ధికి చేసిన కృషికి 1909 సంవత్సరపు భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతిని మార్కోనీ, బ్రౌన్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. మార్కోనీ వాణిజ్య దృష్టి గల ఆవిష్కర్త, బ్రౌన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. రేడియో చరిత్రను క్లుప్తంగా చెప్పే చోట్ల మార్కోనీ పేరు మాత్రమే వినబడడం వలన బ్రౌన్ పాత్ర చాలాకాలం మరుగున పడింది. బ్రౌన్ నాళం ఈ బహుమతికి ప్రాతిపదిక కాకపోవడం మరొక విశేషం. ప్రజా జీవితాన్ని అది ఎంతగా మార్చనున్నదో 1909 నాటికి ఇంకా స్పష్టం కాలేదు.

చివరి సంవత్సరాలు

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైన వెంటనే బ్రిటన్ జర్మనీ సముద్రాంతర తంతులను తెంపివేసింది. అమెరికాతో సంబంధానికి జర్మనీకి నిస్తంత్రి మార్గమే ముఖ్యాధారమయ్యింది. న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలాండ్‌లోని సేవిల్ వద్ద టెలిఫుంకెన్‌కు చెందిన కేంద్రం ఉండేది. ఆ కేంద్రం తమ పేటెంట్లను ఉల్లంఘిస్తున్నదని మార్కోనీ కంపెనీ అమెరికా న్యాయస్థానంలో వ్యాజ్యం వేసింది. సేవిల్ కేంద్రం పక్షాన సాక్ష్యం చెప్పడానికి 64 ఏళ్ళ బ్రౌన్ 1914 డిసెంబరులో శిష్యుడు ట్సెన్నెక్‌తో కలిసి అమెరికాకు ప్రయాణమయ్యాడు. నోబెల్ బహుమతిని కలిసి అందుకున్న ఇద్దరి పేటెంట్లు ఇప్పుడు న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలిచాయి.

1915 జులైలో అమెరికా నౌకాదళం సేవిల్ కేంద్రాన్ని తన అధీనంలోకి తీసుకుంది. సముద్రంపై బ్రిటిష్ నౌకల నిఘా వలన బ్రౌన్ స్వదేశానికి తిరిగి వెళ్ళలేకపోయాడు. 1917 ఏప్రిల్‌లో అమెరికా జర్మనీపై యుద్ధం ప్రకటించడంతో శత్రుదేశ పౌరుడిగా ఇతని కదలికలు బ్రూక్లిన్‌కు పరిమితమయ్యాయి. యుద్ధం ఇంకా ముగియకముందే, ఏప్రిల్ 20, 1918న బ్రూక్లిన్‌లోనే మరణించాడు. ఆ ఏడాది నవంబరులో జర్మనీ ఓటమితో ఇతడు పనిచేసిన స్ట్రాస్‌బుర్గ్ ఫ్రాన్స్ వశమయ్యింది. తరువాత ఇతని చితాభస్మాన్ని జన్మస్థలమైన ఫుల్డాకు తీసుకువెళ్ళి సమాధి చేశారు.

పేటెంటు పొందిన ఆవిష్కరణ బ్రౌన్‌ను చివరకు న్యాయస్థానానికి, పరాయి దేశానికి చేర్చింది. పేటెంటు లేని నాళం మాత్రం దేశాల మధ్య వైరాలతో నిమిత్తం లేకుండా ప్రపంచమంతటా వ్యాపించింది.

టెలివిజన్ తెరగా

రష్యాలో బోరిస్ రోసింగ్ 1907లో బ్రౌన్ నాళాన్ని చిత్ర గ్రాహకంగా వాడే పద్ధతిని ప్రతిపాదించాడు. ఇతని శిష్యుడు వ్లదిమీర్ జ్వొరికిన్ తరువాత అమెరికాలో ఎలక్ట్రానిక్ టెలివిజన్ అభివృద్ధికి కృషి చేశాడు. జపాన్‌లో కెన్‌జిరో తకయనగి 1926 డిసెంబరులో ఒక జపనీయ అక్షరాన్ని బ్రౌన్ నాళం తెరపై చూపించాడు. జర్మన్, జపనీయ భాషలలో ఈ నాళానికి బ్రౌన్ పేరే స్థిరపడింది.

భారతదేశంలో 1959లో ఢిల్లీలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. 1975-76లో ఉపగ్రహం ద్వారా జరిపిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాల ప్రజలు సామూహిక టెలివిజన్లలో కార్యక్రమాలు చూశారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. ఈ టెలివిజన్లన్నిటిలోనూ ఉన్నది బ్రౌన్ నాళపు వారసులే. 21వ శతాబ్దం తొలి దశాబ్దాలలో పలుచని తెరలు వచ్చిన తరువాత ఈ నాళాల తయారీ దాదాపు ఆగిపోయింది.

చిత్రకళలో బ్రౌన్ నాళం

సంకేతమే చిత్రాన్ని గీస్తుందన్న బ్రౌన్ నాళపు స్వభావం కళాకారులను ఆకర్షించింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం, చెరోకీ పట్టణవాసి బెన్ లాపోస్కీ (1914 - 2000) 1950 నుండి ఆసిలోస్కోపు తెరపై చిత్రాలు రూపొందించాడు. అనేక విద్యుత్ డోలనాలను కలిపి తెరకు పంపి, చీకటి గదిలో మెలికలు తిరిగే వెలుగు రేఖలను ఛాయాచిత్రాలుగా తీశాడు. వీటికి ఆసిలాన్లు అని పేరుపెట్టాడు. 1953లో చెరోకీలోని శాన్‌ఫర్డ్ మ్యూజియంలో వీటి ప్రదర్శన జరిగింది. కంప్యూటర్ కళ చరిత్రలు తరచు ఈ చిత్రాలతో ప్రారంభమవుతాయి. కళాకారుడు నియమాలనూ సాధనాన్నీ ఏర్పరచి, రూపాన్ని ఆ ప్రక్రియకే విడిచిపెట్టే పద్ధతిని జెనరేటివ్ ఆర్ట్ అంటారు. సంకేతాల కలయికను ఎన్నుకోవడం లాపోస్కీ పని, గీత గీయడం విద్యుత్తు పని.

కొరియాలో పుట్టిన కళాకారుడు నామ్ జూన్ పైక్ 1965లో టెలివిజన్ పెట్టెపై బలమైన అయస్కాంతాన్ని ఉంచి, తెరపై బొమ్మను వంపులు తిరిగిన వెలుగు ఆకృతిగా మార్చాడు. అయస్కాంతం కిరణపుంజాన్ని వంచుతుందన్న బ్రౌన్ సూత్రమే ఇక్కడ కళగా మారింది. నాళం అవసరం తీరిన తరువాత కూడా ఈ ఆలోచన కొనసాగింది. 2011లో టీమో ఆర్నాల్, మరో ఇద్దరు సహచరులు ఓస్లో నగర వీధులలో 4 మీటర్ల ఎత్తు, 80 దీపాలు గల కర్రతో వైఫై సంకేతాల బలాన్ని కొలిచారు. సంకేతం బలంగా ఉన్నచోట ఎక్కువ దీపాలు వెలిగేలా అమర్చి, రాత్రివేళ ఎక్కువసేపు కటకాన్ని తెరిచి తీసిన ఛాయాచిత్రాలలో వీధి వెంట వెలుగు గోడలను చూపించారు. ముల్లు పోయి చుక్క వచ్చింది, చుక్క పోయి దీపాల వరుస వచ్చింది, ప్రశ్న మాత్రం మారలేదు.

తెలుగు నేలపై

తిరుపతి జిల్లాలోని నాయుడుపేటకు ఆగ్నేయ దిశలో శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, నైరుతి దిశలో తిరుపతికి ఆవల గాదంకి పరిశోధనా కేంద్రం ఉన్నాయి. బ్రౌన్ 1905లో మూడు ఏంటెన్నాలతో చూపిన సూత్రం ఈ రెండు చోట్లా పెద్ద ఎత్తున వాడుకలో ఉంది.

గాదంకిలో 1990వ దశకం తొలి సంవత్సరాలలో నెలకొల్పిన ఎం.ఎస్.టి. రాడారు 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తుంది. 32 వరుసలలో, వరుసకు 32 చొప్పున, మొత్తం 1,024 యాగీ ఏంటెన్నాలతో దీనిని నిర్మించారు. ఏ ఏంటెన్నా కదలదు. వాటికి అందే తరంగాల దశలను మార్చి రాడారు పుంజాన్ని కావలసిన దిశకు తిప్పుతారు. ఆకాశంలోని గాలి సుడుల నుండి తిరిగివచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనులను గణించి, వివిధ ఎత్తులలో గాలి వేగాన్ని రంగుల పటాలుగా చూపుతారు. శ్రీహరికోటలోని బహుళ వస్తు అనుసరణ రాడారు కూడా దశానుక్రమ శ్రేణియే. ఇది ఒకేసారి 10 వస్తువులను వెంబడించగలదు. నాయుడుపేట పరిసరాల ప్రజలు రాకెట్టు పైకి లేవడాన్ని కళ్ళతో చూడగలరు. అది కనుమరుగైన తరువాత జరిగే ప్రయాణమంతా శాస్త్రజ్ఞులకు తెలిసేది తెరమీది గీతల ద్వారానే.

గుర్తింపు

సొసైటీ ఫర్ ఇన్ఫర్మేషన్ డిస్‌ప్లే అనే అంతర్జాతీయ సంస్థ 1987లో బ్రౌన్ పేరిట ఒక పురస్కారాన్ని నెలకొల్పింది. ప్రదర్శన తెరల సాంకేతికతలో విశిష్ట కృషి చేసినవారికి దీనిని ప్రదానం చేస్తారు. స్ఫటిక ఏకధిక్కరణం, కేథోడ్ కిరణ నాళం, శ్రుతి చేసిన నిస్తంత్రి వలయాలు, దిశాత్మక ఏంటెన్నాలు అనే నాలుగు రంగాలలో మూలస్థానం గల శాస్త్రవేత్తగా బ్రౌన్‌ను విజ్ఞాన శాస్త్ర చరిత్రకారులు పరిగణిస్తారు.